పెట్టె దించిన శుక్రవారం

పోశన్న మట్టిదిబ్బ అంచున మోకాళ్ల మీద కూర్చుని, తడిపిన ఎర్రమట్టిని అరచేత్తో తడుతున్నాడు. డబ్బాతో కాసిని నీళ్లు చల్లుతాడు, తడతాడు, వెనక్కి వంగి ఒక కన్ను మూసి వాలు చూస్తాడు, మళ్లీ తడతాడు. సూర్యుడు ఇంకా సముద్రం మీదనే ఉన్నాడు. గాలి అటునుంచి వీచినప్పుడల్లా ఉప్పువాసన, మడచెట్ల కింది బురదవాసన కలిసి వస్తున్నాయి.

ఈ దిబ్బను అతను మొదటిరోజే చదును చేసేశాడు. అంతకుముందు కట్టడాల దగ్గర నేల చదును చేసే గ్యాంగులో ఉండేవాడు. రసమట్టం పెట్టి చూడటం, ఎత్తు కనిపిస్తే చెక్కేయడం, పల్లం కనిపిస్తే నింపడం అతనికి తెలిసిన పని. అక్కడినుంచి ఈ బేస్‌బాల్ గ్రౌండుకు మార్చి, సాపు చేసి పెట్టమన్నారు. నడుమ ఎవరో మట్టి పోసి ఎత్తకుండా వదిలేశారనుకుని, పొద్దంతా ఎండలో పారతో తీసేసి, నీళ్లు కొట్టి, రోలరు తిప్పాడు. సాయంత్రం ఆటకు వచ్చిన అమెరికా సార్లు ఆ చదునైన చోట చుట్టూ నిలబడి, అక్కడ ఎవరో పోయినట్టు మాట్లాడకుండా కిందికి చూశారు. వాళ్లతో ఉన్న తెలుగాయన సుధాకరరావు సారు ఒక్కడే నవ్వాడు.

"ఏ ఊరయ్యా మనది?" అని తెలుగులో అడిగి, "అది బంతి విసిరేవాడు నిలబడే చోటు. ఎత్తుగానే ఉండాలి" అన్నాడు.

విసిరేవాడు ఎత్తు మీద ఎందుకు నిలబడాలో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. మళ్లీ మట్టి మోసి దిబ్బ కట్టాడు. ఆనాటినుంచి ఏటా చలికాలం రాగానే తనే కడుతున్నాడు.

పోశన్న పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఏళ్లతరబడి సెంట్రింగ్ పలకలు మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. అందుకే ఏ చొక్కా వేసుకున్నా అది ఇంకొకరిదిలా కనిపిస్తుంది. మెడ మడతల్లో, గోళ్ల చుట్టూ సున్నం. ఎంత తోమినా పోదు. మీసానికి రంగు వేస్తాడు. జుట్టుకు వెయ్యడు, ఎట్లాగూ టోపీ కిందనే ఉంటుందని.

దిబ్బ అయ్యాక లేచి, తాడు లాగి మేకులు కొట్టి, సున్నం బండి పట్టుకున్నాడు. తెల్లగీత అతని వెనకాలే నెమ్మదిగా నడిచి వస్తోంది.

అల్ ఖోర్ దోహాకు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చేపల పడవలు, గ్యాస్ కంపెనీ ఉద్యోగుల ఇళ్లు, ఊరి చివర లేబర్ క్యాంపులు. దోహాలో ఆడే జట్లది పెద్ద లీగు, ఇట్లాంటి ఊళ్ల జట్లది చిన్న లీగు. ఈ ఊరి జట్టు పేరు ఫ్లెమింగోస్. చలికాలంలో మడచెట్ల దగ్గరికి వచ్చి ఒంటికాలి మీద నిలబడే గులాబీ కొంగల పేరది. కంపెనీలో పనిచేసే అమెరికా వాళ్లు, జపాను వాళ్లు, ఫిలిప్పీన్సు వాళ్లు, ఒకరిద్దరు మనవాళ్ల పిల్లలు కలిసి ఆడతారు. టోపీలు కూడా ఆ రంగువే. పోశన్న గదిలోనే ఉండే జగిత్యాల గజేందర్ మొదటిసారి వాటిని చూసి, "ఏ పార్టీ మీటింగే అన్నా, బిర్యానీ పెడుతరా?" అని అడిగాడు.

ఊళ్లో ఇంకో కాలక్షేపం లేదు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మలయాళీ మంగలి, బెంగాలీ చేపలవాళ్లు, టీ కొట్టు నేపాలీ వచ్చి ఇనుప మెట్ల మీద కూర్చుంటారు. వాళ్లలో ఆట తెలిసినవాడు ఒక్కడూ లేడని పోశన్న అనుమానం. అయినా వేరే ఊరి జట్టు వచ్చిందంటే అందరూ ఒకవైపే. మంగలి షాపులో అద్దం పక్కన జట్టు ఫోటో ఉంది. గడ్డం గీయించుకోవడానికి పోయినవాడు ముందు దాని సంగతి వినాలి.

ఈరోజు కప్పు ఆట. పడమటి ఒడ్డున ఉన్న దుఖాన్ ఊరి జట్టు వస్తోంది.

"ఈసారి కప్పు కొడితే మన టీముకు ఢోకా లేదు పోశన్నా" అని చలికాలం మొదట్లో సుధాకరరావు అన్నాడు. ఆయన కాకినాడ మనిషి, గ్యాస్ కంపెనీలో ఇంజినీరు. కొడుకు విశాల్ జట్టులో ఆడతాడు కాబట్టి జట్టు వ్యవహారాలన్నీ ఆయనే చూస్తాడు. ఆ మాటను పోశన్న అప్పటినుంచి లోపల పెట్టుకుని ఉన్నాడు. టీము ఉంటే గ్రౌండు ఉంటుంది. గ్రౌండు ఉంటే తను ఉంటాడు. అతన్ని పనికి పెట్టుకున్న చిన్న కంపెనీకి ఈ గ్రౌండు తప్ప ఇక్కడ వేరే పని లేదు. ఇది పోతే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారు. యాభై దాటినవాణ్ని ఇంకో కంపెనీ తీసుకోదు. కూతురు సుమలత కరీంనగర్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. అది చదువు ముగించేదాకా ఇక్కడుండాలి. ఆ తర్వాత పొమ్మంటే పోతాడు.

నీళ్ల ట్యాంకరు వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు ఉమైర్ ముల్తాన్ వాడు, గ్రౌండుకు రోజూ నీళ్లు కొడతాడు. పైపు దించకుండానే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పోషన్ భాయ్, సచ్ హై? ఘర్ జా రహే హో?"

నిజంగానే ఇంటికి పోతున్నావా అని అడుగుతున్నాడు. పోశన్న సున్నం బండి ఆపాడు.

"కిస్నే బోలా?"

"సబ్ బోల్ రహే. ఖలాస్" అంటూ ఉమైర్ రెండు చేతులూ దులిపి చూపించాడు.

"మాఫీ ఖలాస్" అన్నాడు పోశన్న, అయిపోలేదని అరబ్బీలో. "ఆజ్ మ్యాచ్ హై. పైపు తియ్యి."

ఉమైర్ జాలిగా చూసి పైపు తీశాడు. ఆ చూపు పోశన్నకు నచ్చలేదు. గీత కొసదాకా వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, బండి ఆపిన చోట కొద్దిగా వంకర పోయింది. కాలితో చెరిపి మళ్లీ వేశాడు.

మధ్యాహ్నం తిండికి క్యాంపుకు పోతే అతని మంచం మీద పొట్లాలున్నాయి.

ఒక పాలపొడి డబ్బా, సబ్బులు కట్టిన ప్లాస్టిక్ సంచి, గుడ్డలో చుట్టి టేపు వేసిన ఏదో మెత్తటి మూట, తలనొప్పి బామ్‌ల పెట్టె. ఒక్కొక్కదాని మీదా నల్లపెన్నుతో ఊరి పేరు, ఫోన్ నంబరు. పొద్దున దించి వదిలేసిన అతని సూట్‌కేసు పక్కన అవి బస్సుకోసం కూర్చున్నవాళ్లలా ఉన్నాయి.

"ఎవలయిరా గివి?"

"ఆ డబ్బా, సబ్బులు మాయి" అన్నాడు గజేందర్ అన్నం కలుపుకుంటూ. "ఎక్కువ లేదే అన్నా. మీ ఊరి బస్టాండు కాడికి మా తమ్ముడస్తడు, ఆని చేతుల పెట్టు."

"నేను పోతలేనురా."

"సరే, పోకు. డబ్బా అయితే పెట్టుకో."

మెత్తటి మూట నిర్మల్ నుంచి వచ్చిన అమర్‌ది. అతను పై మంచం మీదినుంచి కాళ్లు వేలాడేశాడు. "మొన్న చిరంజీవి పెద్దయ్య గూడ గిట్లనే అన్నడు. పోతలేను, పోతలేను అనుకుంటనే ఏర్‌పోర్ట్‌కు పోయిండు. మా సామాను ఎక్కడియక్కడ్నే ఉండె."

"పెట్టె నేను అంగీ కోసం దించిన. తెల్లంగి అండ్ల ఉండె. సుధాకర్‌రావు సారు ఫోటో ఉంటది, తెల్లది ఏసుకొని రా అన్నడు."

"అంగీ కోసం పెట్టె దించుతరానే ఎవలన్న?" అన్నాడు గజేందర్. "తాడు మీద నీ అంగీలు ఆరుతనే ఉన్నయి."

అమర్ నవ్వాడు. గజేందర్ మాత్రం నవ్వలేదు. అతని గొంతులో వెక్కిరింత లేదు, అదే పోశన్నకు ఇబ్బందిగా ఉంది.

ఆ గదిలో పెట్టెలన్నీ బీరువాల మీద, పాత దుప్పట్లు కప్పుకుని ఉంటాయి. సెలవు దొరికినప్పుడు దిగుతాయి, లేదా అంతా అయిపోయినప్పుడు దిగుతాయి. పెట్టె దిగిందని ఒకరు చూస్తే చాలు, పక్క గదులకు కూడా తెలుస్తుంది. ఇంటికి పోయేవాడి పెట్టెలో తలా కాస్త చోటు అడగడం రివాజు. సెలవు మీద పోయేవాడైతే నవ్వుతూ తీసుకుంటాడు. పనిలోంచి తీసేస్తే పోయేవాడు మాత్రం చెప్పడు. సిగ్గుకొద్దీ చెప్పడు, విమానంవాళ్లు ఒప్పుకునే బరువులో తన సామానే పట్టదని చెప్పడు. అందుకని పోవడం లేదన్నవాణ్ని క్యాంపులో ఎవరూ నమ్మరు.

పోశన్నకు ఇదంతా తెలుసు. తను కూడా చిరంజీవి పెద్దయ్యను నమ్మలేదు.

అన్నం ముందు కూర్చున్నాడు గాని తినబుద్ధి కాలేదు. వీళ్లు ఊరికే అంటున్నారా, ఏదైనా విని అంటున్నారా?

"ఆఫీసుల ఎవలన్న ఏమన్న అన్నరార?" అని అడిగాడు చివరికి.

"ఆఫీసోళ్లు మాకు చెప్తరా అన్నా? నీకే తెల్వాలె."

"నాకేం తెల్వది."

"మరి పెట్టె ఎందుకు దించినవ్?" అన్నాడు అమర్.

ఫోను మోగింది. భార్య రాములవ్వ. ఈ వేళకు ఎప్పుడూ చెయ్యదు. పోశన్న బయటి వరండాలోకి పోయి, చెప్పుల గుట్ట పక్కన నిలబడి ఎత్తాడు.

"దుబాయ్ల ఖతమైందట గదా" అంది. ఆమెకు గల్ఫంతా దుబాయే. "ఎప్పుడస్తన్నవ్?"

"ఎవలు చెప్పిన్రే?"

"గజేందర్ పెండ్లాం చెప్పింది. నువ్వు చెప్పకుంటే నాకెరుక గాదనుకున్నవా?"

"అబద్ధం. నేనస్తలేను."

 ఆమె వెనక ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

"పిల్ల ఫోన్ జేసి ఏడ్సింది" అంది. "సదువు బందు పెట్టాల్నా అని అడుగుతంది. ఏం చెప్పాలె?"

"బందెందుకు? ఇయ్యాల ఆట ఉన్నది. గెలిస్తే ఏం గాదు."

"ఏం ఆట?"

"బంతాట."

"బంతాట గెలిస్తే పిల్ల సదువుతదా?"

 "ఆఁ" అన్నాడు.

"సరే మరి, గెలువుండ్రి" అని రాములవ్వ ఫోను పెట్టేసింది.

లోపలికి వచ్చి పొట్లాలన్నీ రెండు చేతులా ఎత్తి గజేందర్ మంచం మీద పెట్టాడు. సూట్‌కేసును మళ్లీ బీరువా ఎక్కించాడు. అది ఎక్కడం వాళ్లిద్దరూ చూశారు. తెల్లచొక్కా వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటూ బయటపడ్డాడు.

ఇన్నేళ్లలో పోశన్న ఒక్క ఆట కూడా కూర్చుని చూడలేదు. ఆట మొదలయ్యేసరికి అతని పని అయిపోతుంది. షెడ్డు నీడలో పడుకుంటాడు. అరుపులు విని, ఎవరో ఏదో చేశారనుకుంటాడు. చీకటి పడే వేళకు లేచి నేలను దంతెతో సాపు చేస్తాడు. ఎవరు గెలిచారో అడగాల్సిన పని పడలేదు. ఈరోజు మాత్రం ఇనుప మెట్ల మీద, ఉమైర్ పక్కన కూర్చున్నాడు.

అతనికి తెలిసింది కొంచెమే. మూలకొకటి చొప్పున నేల మీద తెల్లటి మెత్తలుంటాయి. గుతుప లాంటి కర్ర పట్టుకున్నవాడు బంతిని కొట్టి, ఆ మెత్తలన్నీ తొక్కుతూ తిరిగి మొదటికి రావాలి. వస్తే ఒక లెక్క. మిగతాదంతా ఎవరికి వాళ్లు చెప్పుకునేదే. అంకెల బోర్డు కిందటేడు దుమ్ముగాలికి పడిపోతే మళ్లీ పెట్టలేదు. లెక్కలన్నీ సార్ల ఫోన్లలోనే.

సుధాకరరావు భార్య వేదవతి కింది మెట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చుంది. "నువ్వు కూడా వచ్చావా పోశన్నా, బావుంది" అంది.

ఆట నడుస్తోంది. ఫిలిప్పీన్సు కుర్రాడొకడు బంతిని ఆకాశానికి కొట్టాడు. మెట్లమీది జనమంతా లేచారు. పోశన్న కూడా లేచాడు. బంతి చాలాసేపు పైననే ఉండి, దూరంగా నిలబడ్డ దుఖాన్‌వాడి చేతి తొడుగులో పడింది. అందరూ కూర్చున్నారు. అంత బాగా కొట్టినవాడు తల దించుకుని వెనక్కి వచ్చాడు.

తర్వాత వచ్చినవాడు కొట్టనే లేదు. గుతుపను అడ్డంగా పట్టుకుని బంతికి అలా తాకించాడు. అది కప్పలా రెండు దూకులు దూకి ఆగింది. వాణ్ని ఇట్టే అవుట్ చేశారు. కాని వాడు తిరిగి వస్తుంటే గులాబీ టోపీల వాళ్లంతా ఎదురువచ్చి వీపు తట్టారు.

"అవుటైండు గదా?" పోశన్న తెలుగులోనే అడిగాడు. చెయ్యి చూపిన తీరుతో ఉమైర్‌కు అర్థమైంది.

"అవుట్ హై. లేకిన్ అచ్ఛా అవుట్ హై."

మంచి అవుట్. వాడు పోయి ఇంకొకణ్ని ముందుకు జరిపాడని ఉమైర్ క్రికెట్ మాటలు కలిపి, చెప్పు విడిచి మెట్టు మీద పెట్టి చూపిస్తూ చాలాసేపు చెప్పాడు. చెప్పేకొద్దీ ఉమైర్‌కు కూడా అనుమానం వచ్చినట్టుంది. చెప్పు వేసుకుని, ఏలకులు నమలడం మొదలుపెట్టాడు.

పోశన్న కిందికి వంగి, "ఎవలు గెలుస్తున్రు అమ్మా?" అని వేదవతిని అడిగాడు.

"నన్నడుగుతావేంటి" అని ఆమె నవ్వింది. "మావాడు కొడితే చప్పట్లు కొడతాను, కింద పడితే కళ్లు మూసుకుంటాను. ఇన్నేళ్లూ ఇంతే. ఆయన్నడిగితే కసురుకుంటారు."

సుధాకరరావు కూర్చోవడం లేదు. ఫోను చూసుకుంటూ కంచె వెంట ఇటూ అటూ నడుస్తున్నాడు. పోశన్న ఆట వదిలేసి ఆయన ముఖం చూడటం మొదలుపెట్టాడు. ఆయన పళ్లు కొరికితే ఇతనూ కొరికాడు. ఆయన గాలి వదిలితే ఇతనూ వదిలాడు. గెలవాలి, గెలవాలి అని లోపల అనుకుంటూనే ఉన్నాడు. ఏ దేవుడికి చెప్పుకోవాలన్నా ఏం జరగాలో చెప్పాలి కదా. బంతి పైకి పోవాలా, కింద దొర్లాలా? అది తెలియక ఉత్త 'గెలవాలి' మీదనే ఉండిపోయాడు.

పొద్దు వాలింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయనీ, ఇదే చివరి వంతు అనీ ఉమైర్ వేళ్లు జత చేసి చూపించాడు. మూడు మెత్తల మీదా గులాబీ టోపీలు నిలబడి ఉన్నాయి. గుతుప పట్టుకుని విశాల్ వచ్చాడు. వేదవతి అప్పుడే కళ్లు మూసుకుంది.

దిబ్బ మీద దుఖాన్ జట్టు పొడుగాటి అమెరికావాడు నిలబడ్డాడు. పొద్దున పోశన్న తట్టిన అంచును వాడు బూటుతో తవ్వుతున్నాడు. బంతి విసిరాడు. విశాల్ కదల్లేదు. మళ్లీ విసిరాడు. విశాల్ కదల్లేదు. 'కొట్టు బాబూ' అనుకున్నాడు పోశన్న. ఇంకోటి వచ్చింది, ఇంకోటి. విశాల్ భుజం మీది గుతుప భుజం మీదనే ఉంది. చివరి బంతి దుమ్ములో పడి పక్కకు దొర్లింది.

విశాల్ గుతుపను నేలమీద పడేసి, సంతకు పోయేవాడిలా మొదటి మెత్త వైపు నడిచాడు. చివరి మెత్త మీదున్న జపాను సారు కూడా నడిచాడు. పరుగు కూడా కాదు. నడుచుకుంటూ వచ్చి, మొదలు చోట కాలు పెట్టాడు.

అంతే. ఆట ఆగిపోయింది.

ఎవరూ కొట్టలేదు. ఎవరూ ఉరకలేదు. గులాబీ టోపీలు గాల్లోకి లేచాయి, కాని దుఖాన్ వాళ్లలో కూడా ఒకరినొకరు పట్టుకున్నవాళ్లున్నారు. దిబ్బ మీది పొడుగాయన అక్కడే కూలబడ్డాడు. జపాను సారు ఏడుస్తున్నాడు. సుధాకరరావు రెండు చేతులతో తల పట్టుకుని కంచెకు ఆనుకున్నాడు. వేదవతి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఓడిపోయామనుకున్నాడు పోశన్న. విశాల్ కొట్టకుండా గుతుప పడేసినప్పుడే అనుకున్నాడు. 

"గెలిచాం పోశన్నా" అంది వేదవతి.

"కొట్టలేదు గదమ్మా."

"ఏమో మరి. వాడు నాలుగు బంతులు తప్పుగా విసిరితే మనవాళ్లంతా ఒక్కో మెత్త ముందుకు నడవొచ్చట. గెలిచామట."

మంగలి మెట్లమీదినుంచి దూకి కప్పును ముద్దుపెట్టుకోవడానికి పోయాడు. చేపలవాళ్లు డబ్బాలు వాయిస్తున్నారు. ఫోటో తీసేటప్పుడు సుధాకరరావు పిలిస్తే పోశన్న వరస చివర నిలబడ్డాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నవ్వమన్నారు. నవ్వు దానంతటదే వచ్చింది. సుమలత ముఖం ఒకసారి కనిపించి పోయింది.

ఫోటో అయ్యాక సుధాకరరావు అతని దిగిన భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్ద లీగులోకి వెళ్లిపోయామయ్యా. చిన్న లీగులో కప్పు కొట్టినవాణ్ని పైకి తీసుకుంటారు. వచ్చే ఏడాది అన్నీ దోహాలోనే."

"ఈడ ఆడరా సార్?"

"ఇక్కడెలా కుదురుతుంది? పెద్ద లీగంటే లైట్ల గ్రౌండు ఉండాలి. ఈ జాగా కంపెనీ వెనక్కి తీసేసుకుంటుంది, బస్సులు నిలపడానికి. పేరు మాత్రం అల్ ఖోర్ అనే ఉంచుతాంలే."

కప్పు చుట్టూ మంగలి ఇంకా గంతులు వేస్తూనే ఉన్నాడు. అతనికి ఎవరైనా చెప్పారో లేదో.

"ఓడిపోయుంటే మళ్లీ ఏడాది ఇక్కడే పడుండేవాళ్లం" అని సుధాకరరావు నవ్వాడు. నవ్వుతూనే ఇతని ముఖం చూసి ఆపేశాడు. "నీ సంగతి... అక్కడి గ్రౌండుకు వేరేవాళ్లు ఉన్నారు పోశన్నా. నేను అడిగి చూస్తాను. గెలిస్తే ఇలాగే చేద్దామని మా కంపెనీవాళ్లు పోయిన వారమే అనుకున్నారు. మీ ఆఫీసుకు కూడా చెప్పే ఉంటారు. నీకు చెప్పలేదా?"

"చెప్పిన్రు సార్" అన్నాడు పోశన్న.

ఎందుకలా అన్నాడో అతనికే తెలియలేదు.

అందరూ పోయాక దంతె తీసుకుని నేలంతా సాపు చేశాడు. పొడుగాయన బూటుతో తవ్విన గుంట దిబ్బ అంచున అలాగే ఉంది. మట్టి తెచ్చి నింపి, నీళ్లు చల్లి తట్టాడు. ఒక కన్ను మూసి వాలు చూశాడు. పొద్దంతా గెలవాలని కోరుకున్నాడు. ఓడాలని కోరుకోవాల్సిందా? ఆ సారు అప్పుడే చెప్పాడు కదా, టీముకు ఢోకా లేదని. టీముకు లేదు, నిజమే.

క్యాంపులో గజేందర్ స్టవ్ మీద పప్పు పెట్టి ఉల్లిగడ్డ కోస్తున్నాడు. అమర్ పై మంచం మీద గోడకు ఆనుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. పొట్లాలు గజేందర్ మంచం మీదినుంచి కిందికి దిగి, మంచం కింద చెప్పుల పక్కన ఉన్నాయి.

పోశన్న చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. తన మంచం మీద కూర్చుని కాళ్లు ముందుకు చాచాడు.

"గెలిచిన్రటగా" అన్నాడు అమర్. "ఊరంత లొల్లి."

"గెలిచినం."

ఫోను మోగింది, రాములవ్వే. ఎత్తాడు.

"ఆట ఏమాయె?" అంది.

"గెలిచినం."

"అయితే పిల్ల సదువుతదన్నట్టు. ఏడ్వకు అని చెప్పనా?"

పోశన్న గోడ వైపు చూశాడు. "జర ఆగు" అన్నాడు. "నేనే చేస్త దానికి" అని పెట్టేశాడు. కాని చెయ్యలేదు. ఫోనును తలగడ కింద పెట్టి, గజేందర్ మంచం కిందికి వంగి చూశాడు.

"గజేందరూ, గా డబ్బా ఇటియ్యి."

గజేందర్ కత్తి ఆపాడు. స్టవ్ తగ్గించాడు. 

"ఉండనియ్యే అన్నా" అన్నాడు. "మల్ల ఎవలన్న పోతే పంపుత."

"ఇయ్యిరా. బరువేం గాదు. అమరూ, నీ మూట గూడ తే."

అమర్ పైనుంచి దిగాడు. మూట తెచ్చి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. పోశన్నే చెయ్యి చాచి తీసుకున్నాడు. వంట అయ్యేలోగా పక్క గదినుంచి ఇద్దరు వచ్చారు.  చెప్పులు బయట విడిచి, సంచులు అతని మంచం పక్కన పెట్టి, కాసేపు నిలబడి, వెళ్లిపోయారు. గజేందర్ బీరువా మీదినుంచి పెట్టె దించి, మీది దుమ్ము తన తువ్వాలతో తుడిచాడు.

ఆఫీసువాళ్లు రెండురోజుల తర్వాత పిలిచి చెప్పారు. పోశన్న తల ఊపాడు. సుధాకరరావు అడిగి చూశాడో లేదో తెలియలేదు. ఒకరోజు వేదవతి మాత్రం ఉమైర్ చేత అరిసెల డబ్బా పంపింది.

టికెట్టు మధ్యాహ్నం విమానానికి వచ్చింది. ఆ పొద్దున గదిలో అందరూ డ్యూటీకి పోకుండా కాసేపు ఆగారు. పెట్టె సర్ది, త్రాసు కొక్కేనికి తగిలించి తూచారు. ముల్లు దాటిపోయింది. సర్దినవి తీశారు, మళ్లీ సర్దారు. మళ్లీ దాటింది. పొట్లాలు కాక పోశన్న సామాను బట్టలు, ఒక కంబళి. కంబళిని కిందటి నెల దోహాలోని నజ్మా బజారులో కొన్నాడు. హాస్టల్లో ఎవరి దగ్గరా లేనిది కావాలని, వీడియో కాల్‌లో షాపంతా చూసి సుమలతే ఏరుకుంది.

"మా డబ్బాలు తీసెయ్యే అన్నా" అన్నాడు గజేందర్. "కంబళి పిల్లకు గదా."

పోశన్న పెట్టె ముందు గొంతుకూర్చుని, ఒక చెయ్యి పాలపొడి డబ్బా మీద, ఒక చెయ్యి కంబళి మీద పెట్టి కొంతసేపు ఆలోచించాడు.

"హాస్టల్ల ఉంటదో, ఇంట్లనే ఉంటదో" అన్నాడు. "ఇంట్ల అయితే గింత చలేడ ఉంటది."

కంబళి తీసి పక్కన పెట్టాడు. ముల్లు సరిగ్గా వచ్చి ఆగింది. అమర్ పెట్టెకు తాడు బిగించాడు. కింద కంపెనీ బండి హారన్ కొట్టింది. గజేందర్ పెట్టె ఎత్తుకుని ముందు దిగాడు. పోశన్న గుమ్మం దగ్గర ఒకసారి జేబులు తడుముకుని, పాస్‌పోర్టు ఉందని చూసుకుని, అతని వెనక మెట్లు దిగాడు.

పరుపు చుట్టేసిన మంచం ఇనుపపట్టీల మీద, జిప్పు తియ్యని ప్లాస్టిక్ సంచిలో, మడత వల్ల సగం ముఖమే కనిపిస్తున్న పులిబొమ్మ కంబళి ఉండిపోయింది.